రంగు చూచి బెదరిన దినములు



ఊరగాయలను గూర్చియు, అల్లికలను గూర్చియు, చంటిబిడ్డల పోషణను గూర్చియు వ్రాయుటకు మనలో సంకోచమెవ్వరికిని లేదు. మేము నేడు వ్రాయబూనిన విషయము మాత్రము పదిమంది స్త్రీలు కూడినచోట నోటివెంట రానిది. మగబిడ్డలకు చేయు సున్తీని గూర్చియు, అది చేసిన పిదప అచ్చటి చర్మమునకు కలుగు రంగుల మార్పులను గూర్చియు వ్రాయదలచితిమి. మగబిడ్డను కన్న తల్లి ప్రతిదినమును నీళ్ళు పోయునపుడు బిడ్డ దేహమునంతయు చూచుచునే యున్నది గదా! చూచుటకు లేని సిగ్గు చెప్పుటకెందులకు? ఆ సిగ్గువలననే మేము రెండు పర్యాయములు పొరపడితిమి. మొదటిది మా బిడ్డ విషయమున, రెండవది పొరుగింటి బిడ్డ విషయమున. మొదటిదానిని తలచుకొని ఇప్పుడు నవ్వుకొందుము. రెండవది నేటికిని మా గుండెలో ముల్లువలె నున్నది.

మా కాపురము బొల్లారములో. సికింద్రాబాదు దండు ప్రక్కనున్న బొల్లారము గాదు. పటాన్‌చెరువు ప్రాంతపు కార్ఖానాల నడుమనున్న బొల్లారము. పూర్వము మెదకు జిల్లాలో నుండెడిది, 2016లో జిల్లాలు విడదీసినప్పటినుండి సంగారెడ్డి జిల్లాలోనిది. ఇచ్చటి కార్ఖానాలలో పెక్కు మందులు చేయునవి. మావారును అట్టి యొకదానిలోనే పనిచేయుదురు. ఒకే ఆవరణములో ఆరు వాటాలు. మా వాటాకు ఎదురుగా ఒక ముసల్మాను కుటుంబము. ఆ యింటి పెద్దామెను మేమందరమును ఖాలా యని పిలుతుము. మందులు చేయు ఊరిలో నుండి, మందులు చేయువారి యింట నుండి, బిడ్డకేమి జరుగుచున్నదో తెలియక మేము పడిన పాట్లు వినుడు.

మా చిన్నవానికి అయిదేండ్లు నిండినప్పుడు మూత్రము పోయునపుడెల్ల ముందోలు బుడగవలె ఉబ్బసాగెను. ధార సన్నగిల్లెను. వాడు కాళ్ళు దగ్గరకు ముడుచుకొని కన్నీరు పెట్టుకొనుచుండెను. జాగ్రత్తగా చూడగా ముందోలి కొనయందు సున్నపు గీతవలె తెల్లని వలయమొకటి కనబడెను. ముట్టిన గట్టిగా నుండెను. మా అత్తగారు, “నూనె రాసి రోజూ వెనుకకు లాగవలెను, మా పిల్లలకందరికిని అట్లే చేసితిమి” అనిరి. మేమును అట్లే లాగితిమి. ఒకనాడు చర్మము చిట్లి రక్తము వచ్చెను. వాడు పెట్టిన కేక ఆవరణమంతయు వినబడెను.

పిల్లల శస్త్రవైద్యుని యొద్దకు పోయినప్పుడు గాని మా తప్పు మాకు తెలియలేదు. పుట్టిన మగబిడ్డలలో పెక్కురకు ముందోలు లోపలి కొనకు అంటుకొనియే యుండును. అది రోగము కాదు. 1949లో డగ్లస్ గైర్డ్‌నర్ అను ఆంగ్ల వైద్యుడు పరీక్షించి, పుట్టినప్పుడు నూటికి నలుగురికి మాత్రమే అది పూర్తిగా వెనుకకు వచ్చునని ప్రకటించెను. 1968లో యాకోబ్ ఓస్టర్ అను డెన్మార్కు వైద్యుడు బడిపిల్లలను ఏండ్లతరబడి పరిశీలించి, కొందరికి యౌవనము వచ్చువరకును అది మెల్లగా విడుచుండునని తేల్చెను. కావున దానంతట అది విడవలసినదే కాని తల్లులు, అవ్వలు నీళ్ళు పోయుచు బలవంతముగా లాగరాదు. లాగినచో సన్నని చీలికలు పడి, అవి మానునపుడు మచ్చకట్టి, లేని బిగువును మనమే తెచ్చిపెట్టినవారమగుదుము. పెక్కుమంది పిల్లలకు వైద్యుడిచ్చు లేపనము కొన్ని వారములు రాసినచో కోత లేకుండగనే చర్మము సడలును.

మావానికి లేపనము రాసిచూచిరి, ఫలము లేకపోయెను. ఆ తెల్లని గట్టి వలయము చర్మమును క్రమముగా మచ్చకట్టించు ఒక వ్యాధియట. అంటురోగము గాదు, ఎవ్వరి దోషమును గాదు. కాని విడిచిన మూత్రద్వారమును గూడ బిగించును. దానికి సరియైన చికిత్స సున్తీయే యని వైద్యుడు చెప్పెను.

ఇంటికి వచ్చి చెప్పగనే మా అత్తగారు కూలబడిరి. “మన యింట ఇట్టిది ఎన్నడైన ఉన్నదా? రేపు పెండ్లినాడు ఏమని చెప్పుదుము?” అనిరి. మావారు మాటలాడలేదు. మేము మాత్రము బిడ్డ మూత్రమునకు ఏడ్చుట చూడలేక ఒప్పుకొంటిమి. ఒప్పుకొని, ఎవ్వరితోను చెప్పరాదని నిర్ణయించుకొంటిమి. ఆరు వాటాల ఆవరణములో రహస్యమెంతసేపు నిలుచును? మరునాడు ఖాలా వచ్చి మా అత్తగారి ప్రక్కన కూర్చుండి, “అక్కా, మా యింట నలుగురు కొడుకులు, ఏడుగురు మనుమలు. అందరికిని అయినదే. మేము దానికి విందు చేసికొందుము, మీరు ఏడ్చుచున్నారు. బిడ్డకు నొప్పి తగ్గుటకు చేయు పని గదా!” అనెను. ఆ మాటకు మా అత్తగారికి నవ్వు వచ్చినది. అంతతో ఇంటి బరువు సగము దిగినది.

ఈ ఆచారము మిక్కిలి ప్రాచీనమైనది. ఈజిప్టు దేశమున సక్కారాలో అంఖ్‌మాహోర్ అను ఉద్యోగి సమాధి గోడపై నాలుగు వేలయేండ్లకు పూర్వమే దీనిని చెక్కిన శిల్పమున్నది. యూదులు ఎనిమిదవనాడు చేయుదురు. మన ముసల్మానులు శైశవమునందో బాల్యమునందో చేయుదురు. మా బిడ్డకు మాత్రము అది మతాచారము గాదు, రోగమునకు మందు. ఏ కారణముచే చేసినను మానవలసిన పుండు ఒక్కటే; దానిని కనిపెట్టవలసిన తల్లి కన్నులును ఒక్కటే.

మత్తుమందు పేరు వినగనే మా గుండె జారెను. అప్పుడు మాకు ధైర్యము చెప్పినది ఒక పాత కథ. 1888, 1889 సంవత్సరములలో ఈ హైదరాబాదులోనే క్లోరోఫారమును గూర్చి గొప్ప పరీక్షలు జరిగెను. ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు వానిని నడిపెను, నిజాము ప్రభువు ధనమిచ్చెను. ఆ కాలమున ఇచ్చటి వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ అను పార్సీ వనిత రోగులకు మత్తుమందిచ్చు విద్యలో ఆరితేరి, ప్రపంచములోనే ఆ వృత్తి చేపట్టిన తొలి స్త్రీలలో నొకతెగా పేరుగాంచినది. మా బిడ్డకు మత్తునిచ్చుటకు వచ్చినదియు ఒక స్త్రీయే. ఆమె, “మీ పుట్టింట, ముఖ్యముగ మీ అన్నదమ్ములకు, మీ మేనమామలకు, చిన్న గాయమునకే రక్తము ఆగకుండుట కలదా?” అని అడిగెను. మా మేనమామలకును ఈ బిడ్డకును ఏమి సంబంధమని ఆశ్చర్యపడితిమి. రక్తము గడ్డకట్టని వ్యాధి యొకటి తల్లిద్వారా కొడుకులకు సంక్రమించునట. తల్లికి పెక్కుసారులు ఏ బాధయు కనబడదు. ఆమె సోదరులకును, కొడుకులకును రావచ్చును. దీనిని పూర్వులును కనిపెట్టిరి. సున్తీవలన ఇరువురు కొడుకులు మరణించినచో మూడవవానికి చేయరాదని యూదుల తాల్ముదు గ్రంథమున విధియున్నది. కావున సోదరీమణులారా, ఈ ప్రశ్న ఎవరును అడుగకపోయినను మీరే చెప్పవలెను. అట్లే, బిడ్డకు పుట్టుకతోనే మూత్రద్వారము కొనయందు గాక క్రిందివైపున నున్నచో సున్తీ చేయింపరాదు. ఆ లోపమును సరిచేయుటకు ముందోలి చర్మమే వైద్యునకు కావలసివచ్చును.

ఇక రంగుల కథ. కోత జరిగిన సాయంత్రము బిడ్డను ఇంటికి తెచ్చితిమి. రాత్రి దీపము వెలుతురున చూడగా ఆ భాగమంతయు ముదురు గోధుమవన్నె. కుళ్ళిపోయెనని తలచి మావారిని లేపితిమి. తడిగుడ్డతో ప్రక్కనున్న తొడను తుడిచి చూడగా అచ్చటి గోధుమవన్నె గుడ్డకంటెను. అది కోతకు ముందు పూసిన బీటాడిను మరక!

రెండవనాటికి వాపు హెచ్చెను. కొన యెఱ్ఱగా, చుట్టునున్న చర్మము నేరేడుపండు వన్నెలో నుండెను. మూడవనాడును అట్లే. దీనికి కారణము తరువాత తెలిసికొంటిమి. ఇంతకాలము ముందోలి చాటున తడిగా, లేతగా నున్న కొన ఒక్కసారి గాలికి, గుడ్డకు బయటపడినది. అది ఎఱ్ఱబారుట సహజము. చర్మము క్రింద చిమ్మిన రక్తము ఊదావన్నెగా కనబడును. ఆ రక్తము విరిగి కరగునపుడు ఆకుపచ్చగాను, పసుపుపచ్చగాను మారి కడకు మాయమగును. మోకాలు దెబ్బతగిలి కమిలినపుడు మనము చూచు రంగులే ఇవియు. కమిలిన రంగు దినదినమును తగ్గుచు పోవలెను. అది మంచికి గుర్తు.

నాలుగవనాడు మా బుద్ధి మందగించినది. కొనమీదను, కుట్లవెంబడిని పసుపుపచ్చని మెత్తని పొర కనబడెను. చీము పట్టినదని నిశ్చయించితిమి. మా అత్తగారు పసుపు అద్దుమనిరి, మావారు డాక్టరునకు ఫోను చేయుదమనిరి. మేము ఇద్దరి మాటయు వినక, వేడినీట దూది ముంచి ఆ పొరను తుడిచివేసితిమి. తుడిచినచోటనెల్ల రక్తపు చుక్కలు పొటమరించినవి. బిడ్డ గిలగిల కొట్టుకొనెను. ఖాలా పరుగున వచ్చి, శుభ్రమైన గుడ్డను మడిచి మెల్లగా అదిమిపట్టి, మాటిమాటికి ఎత్తి చూడకుండ గోడగడియారము చూచుచు పది నిమిషములు కూర్చుండెను. రక్తము నిలిచినది. “అది చీము కాదు బేటీ. పుండు మానుటకు పైన కట్టుకొను తెర. దానిని తీయరాదు” అనెను.

మరునాడు వైద్యుడును అదే చెప్పెను. నోటిలోని పుండుమీద కట్టు పొరవంటిదే యిది. దుర్వాసన యుండదు, కారదు, చుట్టు వాపు పెరుగదు, జ్వరము రాదు. వారము పదిదినములలో తనంతట పోవును. చీమైనచో చిక్కగా, దుర్వాసనతో కారుచుండును. చుట్టును చర్మము వేడెక్కి నొప్పి హెచ్చును. ఈ భేదము తెలియకనే మాన్పవలసిన చేతులతో రేపితిమి.

ఖాలా చేసిన మరియొక మేలు చెప్పవలెను. పాత నూలు లుంగీనొకదానిని తెచ్చి, పడకపైన కట్టిన త్రాటికి నడుమ వ్రేలాడదీసి, గుడ్డ పుండునకు తగులకుండ చిన్న గుడారమువలె చేసినది. ఆసుపత్రిలో చెప్పినట్లు వేసలీను పూయుటయు, మూత్రము పోసిన పిదప గోరువెచ్చని నీరు మెల్లగా పోయుటయు మేము చేయుచుంటిమి. పదునైదు దినములకు కుట్లు కరగి రాలిపోయినవి. మూడవ వారమున వాడు బడికి పోయెను. చంటిబిడ్డలకైనచో వారము పదిదినములలోనే మానునట.

మానిన పిదప మరియొక చింత పట్టుకొన్నది. కుట్లు పడినచోట ఉంగరమువలె నల్లని చార. దాని కీవల చర్మము చామనచాయ, ఆవల లేత గులాబివన్నె. ఎవరో రెండు బిడ్డల చర్మములను తెచ్చి అతికినట్లు తోచెను. మా అత్తగారు మరల పెండ్లిమాట యెత్తిరి. మేము సిగ్గువిడిచి వైద్యుని అడిగితిమి. లోపలివైపు చర్మము నోటి లోపలి చర్మమువంటిది, దానిలో రంగు తక్కువ. బయటిది సహజముగా నల్లనిది. ఆ రెండును ఇంతకుముందు మడతలో దాగియుండి, ఇప్పుడు ప్రక్కప్రక్కన నిలిచినవి. కుట్టిన చోట నల్లబడుట మనవంటి చామనచాయవారిలో విస్తారము. దోమ కుట్టినచోట, కాలినచోట మచ్చ నల్లగా నిలుచుట మనమెరుగుదుము. పుండు మానునపుడు చర్మము రంగును అధికముగా పుట్టించుటయే దానికి కారణము. కొందరికి అచ్చట తెల్లబారుటయు కలదు. ఈ మచ్చలు నెలలమీద, ఒక్కొక్కప్పుడు ఏండ్లమీద తేలికపడును. కొంత నిలిచినను హానిలేదు. కొన కూడ క్రమముగా తడియారి, నిగనిగ తగ్గి, కొంచెము మసకబారును. దీనికి లేపనము లేదు, అక్కరయు లేదు. దుకాణములో దొరకు తెల్లబరచు మందులు పూసినచో ఆ లేతచర్మము మరింత చెడును.

ఇంతవరకు మేము భయపడినదెల్ల భయపడనక్కర లేనిదే యైనది. బీటాడిను మరకకు బెదరితిమి, పసుపుపచ్చని పొరకు బెదరితిమి, నల్లని చారకు బెదరితిమి. అందుచే మాకొక గర్వము పుట్టినది. రంగులన్నియు మాకు తెలిసిపోయినవనుకొంటిమి.

అయిదు నెలలకు ఖాలా చిన్నకొడుకునకు కొడుకు పుట్టెను. పండ్రెండవనాడు ఆసుపత్రిలో సున్తీ చేయించిరి. చంటివారికి చేయు పద్ధతులలో ఒకటి, కొనమీద ప్లాస్టిక్ గిన్నెవంటి చిన్న ఉంగరము తొడిగి, దానిపై చర్మమును దారముతో బిగించి కట్టుట. దారమునకు ఆవలనున్న చర్మపు అంచు రక్తము లేక నల్లబడి ఎండును. అయిదు మొదలు పది దినములలో ఉంగరముతోగూడ రాలిపోవును. బొడ్డుతాడు నల్లబడి రాలినట్లే. ఈ సంగతి మేము ఆసుపత్రిలో కూర్చున్నప్పుడు ఇతర తల్లులకు చెప్పుచుండగా వినియుంటిమి.

మూడవనాటి సందెవేళ ఖాలా మా గడప దగ్గరకు వచ్చి, “బేటీ, మనుమడు ఊరక ఏడ్చుచున్నాడు. అచ్చట నల్లగా, నీలముగా ఉన్నది. ఒకసారి వచ్చి చూడుము” అనెను. మేము పొయ్యిమీద కూర పెట్టియుంటిమి. కదలకయే, “ఏమియు లేదు ఖాలా. ఉంగరము కట్టినపుడు నల్లబడును. మావానికి ఎన్ని రంగులు మారలేదు! రెండు దినములలో రాలిపోవును” అంటిమి. చూడలేదు. చూడకయే చెప్పితిమి. మాకు నేర్పిన చేతికే పాఠము చెప్పితిమి.

ఖాలా కొంచెముసేపు నిలిచినది. “మా యింట ఏడుగురిని చూచితిని బేటీ. నలుపు అంచున ఉండును. ఇది అంచున లేదు” అని మాత్రమని, వెనుదిరిగినది. కొడుకును లేపి, ఆటో పిలిపించి, రాత్రి తొమ్మిది గంటలకు బిడ్డను ఎత్తుకొని పోయినది. మేము గడపలో నిలిచి చూచితిమి. అప్పటికిని ముసలామె తొందరపడుచున్నదనియే తలచితిమి.

వారు తెల్లవారి తిరిగివచ్చిరి. ఉంగరము తన చోటు తప్పి కొనకు వెనుకకు జారినదట. అది వెనుక బిగిసిపోగా ముందు కొనకు రక్తప్రసారము చిక్కి, ఉబ్బి నీలమైనదట. రాత్రికి రాత్రియే ఉంగరమును కత్తిరించి తీసిరి. గంటలలో రంగు తిరిగివచ్చెను. తెల్లవారువరకు ఆగియుండిన, ఆ కండ చచ్చిపోయెడి ప్రమాదము కలదని వైద్యుడు చెప్పెనట. అట్లు చచ్చినది మరల రాదు.

ఈ మాట ఖాలా కోడలు మాతో చెప్పినది. ఖాలా చెప్పలేదు. మేము పోయి ఆమె చేతులు పట్టుకొని, “మా మాట విని ఆగియుంటే!” అని ఏడ్చితిమి. “ఆగలేదు గదా బేటీ” అని ఆమె మా కన్నులు తుడిచినది. ఆ దయ మాకు దండనకంటె ఎక్కువైనది. ఒక బిడ్డను పెంచిన అనుభవము ఒక బిడ్డకే చాలును. దానిని పరుల బిడ్డకు కొలబద్దగా చేసి, కన్నులతో చూడకయే ధైర్యము చెప్పుట ఓదార్పు గాదు, అపరాధము. ఆ దినము మొదలు తెలిసినదానిని గూర్చి చెప్పునపుడును “నీవు డాక్టరునకు చూపుము” అను మాటను తుదిని చేర్చక మేమెవ్వరికిని సలహా యిచ్చుట లేదు.

కావున సోదరీమణులారా, ఏ రంగునకు ఆగవచ్చునో, ఏ రంగునకు ఆగరాదో వైద్యులవలన విన్నది వ్రాయుచున్నాము. మొదటి దినములలో ఎఱుపు, ఊదావన్నె కమలుట, కొంత వాపు, వాసనలేని పసుపుపచ్చని పొర, దారమునకు ఆవల అంచు నల్లబడుట, గుడ్డమీద ఒకటి రెండు రక్తపు చుక్కలు: ఇవి దినదినమును తగ్గుచున్నచో ఓర్పుతో చూడవచ్చును.

కొన నీలముగా, బూడిదవన్నెగా, నల్లగా మారుచున్నను, చల్లగా నున్నను గంటయైన ఆగరాదు. ఉంగరము వెనుకకు జారినను అంతే. పది నిమిషములు అదిమిపట్టినను రక్తము నిలువకున్నచో వెంటనే పోవలెను. మూత్రము గూర్చి లెక్క పెట్టుకొనవలెను: చంటిబిడ్డ ఆరు మొదలు ఎనిమిది గంటలు, పెద్దపిల్లవాడు ఎనిమిది మొదలు పండ్రెండు గంటలు మూత్రము పోయకున్నచో చూపవలెను. జ్వరము 100.4 డిగ్రీలు దాటినను, బిడ్డ పాలు త్రాగక సోలిపోవుచున్నను, ఎఱుపు మొదలువైపునకో పొట్టవైపునకో ప్రాకుచున్నను, చీము కారుచున్నను తెల్లవారనిమ్మని ఆగరాదు. మన చామనచాయ చర్మముపై ఎఱుపు ఎఱుపుగా కనబడదు, ముదురు ఊదాగానో నలుపుగానో కనబడును. అందుచే కన్నును మాత్రమే నమ్మక, వ్రేలి వెనుకవైపుతో తాకి వేడిని, బిగువును ప్రక్క చర్మముతో పోల్చి చూడవలెను. తిమ్మిరికై పూసిన లేపనము పిమ్మట చంటిబిడ్డ పెదవులు, గోళ్ళు బూడిదకలిసిన నీలవన్నెకు తిరుగుట అరుదైనను ప్రమాదము. తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. బండి దొరకనిచో 108కి ఫోను చేయుడు.

ఉంగరము రెండు వారములకును రాలకున్నచో చూపవలెనే కాని లాగరాదు. నెలలు గడచిన పిమ్మట తెల్లని గట్టి మచ్చలు కనబడినను, మూత్రధార సన్నగిల్లి పైకి చిమ్ముచున్నను, చర్మము కొనకు వంతెనవలె అతుకుకొన్నను, ఒక మచ్చ పెరుగుచు ఆకారము మారుచున్నను తొందర లేకున్నను వైద్యునకు చూపక మానరాదు. తెల్లని వలయము గల వ్యాధి కావున మా బిడ్డను మేము నేటికిని ఏటేట చూపుచునే యున్నాము.

మరియొక మాట. మన వీధులలో పుండు చూడకయే పొడి చల్లువారును, చీటీ లేకయే మాత్రలిచ్చు దుకాణములును కలవు. చీము పట్టునేమోనని ముందుగనే ఆ మాత్రలు వేయుట మంచిది కాదు. ఈ ప్రాంతమువారికి ఇది మరింత తెలిసియుండవలెను. 2007లో జోకిమ్ లార్సన్ మొదలగు స్వీడను పరిశోధకులు, పటాన్‌చెరువులో కార్ఖానాల వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమునుండి బయటికి వదలిన నీటిని పరీక్షించి, అందు సిప్రోఫ్లోక్సాసిన్ అను చీముమందు లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు కలదని ప్రకటించిరి. మందు త్రాగిన రోగి రక్తములో నుండుదానికంటె అది అధికము. అట్టి నీటిలో బ్రతుక నేర్చిన సూక్ష్మజీవులు ఆ మందునకు లొంగవు. నిజముగా చీము పట్టిననాడు మందు పనిచేయవలెనన్నచో, పట్టని నాడు వేయకుండుటయే ఉపాయము.

ఖాలా మనుమడు ఇప్పుడు ఆవరణమంతయు పరుగెత్తుచున్నాడు. మా వాకిటికి వచ్చి బెల్లము అడుగును. మేము ఇచ్చునపుడెల్ల ఆ రాత్రి ఆటో దీపము మలుపు తిరిగి పోవుట కన్నులకు కట్టును. మా అత్తగారు పెండ్లిమాట మానివేసిరి. కొత్తగా కాన్పయిన తల్లి ఎవరు కనబడినను, “నూనె పెట్టుము గాని లాగకుమమ్మా” అని వారే చెప్పుచున్నారు.

ఈ వ్యాసము ఎవరైన సోదరి సిగ్గుపడి పేజీ త్రిప్పివేసినను మాకు కష్టము లేదు. ఒకనాటి రాత్రి బిడ్డ ఏడ్చునపుడు ఆమె దీపము దగ్గరకు తెచ్చి చూచి, నలుపు అంచున ఉన్నదా, కొనయందున్నదా యని తన్ను తాను అడిగినచో చాలును. చూడుడు, చూచినది ముందు డాక్టరుతో చెప్పుడు.